ముట్లుడిగే ఏడాదిని ఏ జీన్ టెస్టూ చెప్పలేదు

పోయిన నెల మా చెల్లెలి కూతురు శ్రీసిటీ నుంచి ఫోన్ చేసింది. 27 ఏళ్ల పిల్ల, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. "పెద్దమ్మా, ఉమ్మి శాంపిల్ ఇస్తే మెనోపాజ్ ఏ వయసులో వస్తుందో చెప్పేస్తారంట. అమ్మకు 36కే ఆగిపోయాయి కదా, నేను చేయించుకోవాలా?" అని అడిగింది. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది.

తనకొచ్చిన వాట్సాప్ మెసేజ్ తిరుపతిలో మా వీధిలోనూ తిరుగుతోంది. అందులో ఉన్నవి నాలుగు మాటలు: జీన్ టెస్టుతో మెనోపాజ్ వచ్చే ఏడాది తెలుస్తుంది, జీన్‌లో తేడా ఉంటే ముట్లు ముందే ఆగిపోవడం ఖాయం, అందుకే 25 నిండిన ప్రతి అమ్మాయీ ఈ టెస్టు చేయించుకోవాలి, రిజల్టు బాగాలేకపోతే వెంటనే అండాలు ఫ్రీజ్ చేయించుకోవాలి. నేను కాలేజీలో జువాలజీ చెబుతాను. ఆడపిల్లలను ఇలా భయపెడుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

ఏడాది తెలుస్తుందన్న మాట ముందు చూద్దాం. ఈ విషయంలో పెద్ద పరిశోధన ఒకటి 2021లో నేచర్ పత్రికలో వచ్చింది. సుమారు 2 లక్షల మంది స్త్రీల డీఎన్ఏ చూసి, మెనోపాజ్ వయసుతో సంబంధమున్న చోట్లు 290 దాకా గుర్తించారు. అవన్నీ కలిపి లెక్కేసినా, ఆ వయసు ఒక్కొక్కరికి ఒక్కోలా ఎందుకుందో పదో వంతుకు కాస్త అటూ ఇటుగానే వివరించగలిగారు. పైగా వాళ్లు యూరప్ మూలాలున్న స్త్రీలు. అక్కడ మెనోపాజ్ సగటున 51 దగ్గర వస్తే, మన దేశంలో 46, 47కే వస్తుంది. వాళ్ల లెక్కతో మన పిల్లకు ఏడాది చెప్పడం కుదరదు.

జీన్‌లో తేడా ఉంటే ఖాయమనేది ఇంకా తప్పు. బాగా తెలిసిన ఉదాహరణ ఎఫ్ఎంఆర్1 అనే జీన్. అందులో ఒక చిన్న ముక్క 55 నుంచి 200 సార్ల దాకా రిపీట్ అయిన స్త్రీలలో, 40 లోపు అండాశయాలు పని మానేసేది సుమారు ఐదుగురిలో ఒకరికి. మిగతా నలుగురికి ఆ సమస్య రాదు. 2023లో, బ్రిటన్‌లో లక్షల మంది ఆరోగ్య, జన్యు వివరాలు దాచిపెట్టిన యూకే బయోబ్యాంక్‌లోని లక్ష మందికి పైగా స్త్రీలను పరిశీలిస్తే, ఈ జబ్బుకు కారణమని రాసిపెట్టుకున్న జీన్లలో తీవ్రమైన లోపాలున్న వాళ్లు దాదాపు అందరూ మామూలు వయసు దాకా బాగానే ఉన్నారు. చాలా జీన్లలో అమ్మ నుంచి వచ్చిన కాపీ, నాన్న నుంచి వచ్చిన కాపీ రెండూ చెడితేనే ఇబ్బంది. మన చిత్తూరు వైపు మేనమామకో, మేనత్త కొడుక్కో పిల్లనివ్వడం ఇంకా ఉంది. మేనరికపు ఇళ్లలో అలా రెండు కాపీలూ చెడే అవకాశం ఎక్కువ. అక్కడ జీన్ టెస్టుకు నిజమైన అవసరం ఉండొచ్చు.

మరి ప్రతి అమ్మాయికీ ఎందుకు? 40 లోపు ముట్లు ఆగిపోయేది వందలో ఒకరికని పాత అంచనా, ముగ్గురు నలుగురికని కొత్త అంచనా. డబ్బు పెట్టే ముందు ఇంట్లో అమ్మను, పెద్దమ్మలను, అమ్మమ్మను అడగాలి. మెనోపాజ్ వయసులో వంశపారంపర్యం వాటా సుమారు సగం. ఇక్కడే మన రాష్ట్రంలో ఒక చిక్కుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద అది 3 శాతమే. మా చెల్లెలూ ఆ 9 శాతంలో మనిషే. ఎక్కువ బ్లీడింగ్ అవుతోందని వెళితే మందులు కూడా సరిగ్గా వాడి చూడకుండా 36కే ఆపరేషన్ చేశారు. తనకు ముట్లు వాటంతట అవి ఆగలేదు, ఆపేశారు. కూతురు దాన్ని వంశంలో ఉన్న జబ్బనుకుని భయపడుతోంది. కాబట్టి అమ్మను "ఎప్పుడు ఆగాయి?" అని అడిగి వదిలేయొద్దు. "ఆపరేషన్ అయ్యిందా? అండాశయాలు కూడా తీశారా?" అని అడగండి.

ఆపరేషన్ లేకుండానే అమ్మకో అక్కకో 40 లోపు ఆగిపోయినా, ఇంట్లో ఫ్రజైల్ ఎక్స్ (ఎఫ్ఎంఆర్1 లోపంతోనే వచ్చే, బుద్ధి ఎదుగుదల మందగించే జబ్బు) ఉన్న బిడ్డ ఉన్నా, మీకే నాలుగు నెలలుగా పీరియడ్స్ సరిగ్గా రాకపోతున్నా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముందు గర్భం కాదని చూసి, ఎఫ్ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోన్), థైరాయిడ్ పరీక్షలు, స్కాన్ చేస్తారు. ఆ తర్వాత అవసరమైతేనే క్రోమోజోముల పరీక్ష, ఎఫ్ఎంఆర్1. చిత్తూరు వాళ్లకు పక్కనే ఉన్న వేలూరు సీఎంసీలో జన్యు వైద్య విభాగం కూడా ఉంది. జబ్బు తేలినా పిల్లలు పుట్టరని కాదు, వందలో ఐదు నుంచి పది మందికి సహజంగానే గర్భం వస్తుంది. కానీ ఎముకలు, గుండె కోసం మామూలు మెనోపాజ్ వయసు దాకా హార్మోన్లు వాడాలి. ఈ ముఖ్యమైన మాట మెసేజ్‌లో ఎక్కడా లేదు.

ఇక ఎగ్ ఫ్రీజింగ్. క్యాన్సర్ చికిత్సకు వెళ్లే అమ్మాయికి అది వరం. భయంతో పరుగెత్తే అమ్మాయికి మాత్రం పది పన్నెండు రోజుల ఇంజెక్షన్లు, మత్తు, పెద్ద ఖర్చు. ఇంతా చేసి బిడ్డ పుడుతుందన్న హామీ లేదు. ఏఎంహెచ్ (అండాలు ఎన్ని మిగిలాయో సూచించే హార్మోన్) తక్కువుందని కంగారు పెడితే 2017లో అమెరికాలో వచ్చిన పరిశోధన గుర్తుంచుకోండి: 30 నుంచి 44 ఏళ్ల 750 మందిని గమనిస్తే, ఏఎంహెచ్ తక్కువున్న వాళ్లకూ గర్భం వచ్చే అవకాశం మిగతా వాళ్లకున్నంతే ఉంది.

మా పిల్లకు నెలనెలా సరిగ్గానే వస్తోంది. టెస్టు వద్దన్నాను. ఆదివారం ఇంటికొచ్చి, వాళ్లమ్మతో బీరువాలోని పాత డిశ్చార్జ్ కాగితం తీయించింది. అండాశయాలు ఉంచినట్టు అందులో రాసుంది. ఇన్నేళ్లూ ఆ సంగతి మా చెల్లెలికి కూడా తెలియదు.