చేనిపని చేసే నడుముకు వ్యాయామం ఎందుకు?

మహారాష్ట్రలోని రాజురా, బల్లార్షా, సిరొంచ వైపు మన తెలుగు ఇళ్లలో నడుము నొప్పికి వ్యాయామం చెయ్యమంటే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "పొద్దంతా చేన్లో వంగి లేచేదాన్ని, మళ్లీ నాకు ఎక్సర్‌సైజు ఎందుకు?" వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ నమ్మకమే ఎంతోమందిని ఏళ్ల తరబడి నొప్పితో ఉంచుతోంది. పని వేరు, వ్యాయామం వేరు.

పత్తి ఏరడమే చూడండి. అక్టోబరులో మొదలై జనవరి దాకా, ఒక్కోసారి ఫిబ్రవరి దాకా సాగుతుంది. ఒడి కట్టుకుని సాలు వెంట నడుస్తూ, కింది కాయల కోసం వంగుతూ, ఒడి నిండేకొద్దీ ముందుకు లాగే బరువును నడుముతో ఆపుతూ గంటలు గడుస్తాయి. ఆ పని ముగిశాక సిరొంచ వైపు నుంచి చాలామంది గోదావరి దాటి తెలంగాణ చేలకు మిరపకాయలు ఏరడానికి పోతారు. అక్కడా వంగుడే. ఇన్ని నెలలూ నడుము వంగేది ఒకే దిక్కుకు. వెన్ను వెంట ఉన్న కండరాలు సాగి అలసిపోతాయి. పిరుదుల కండరాలకు, పొట్ట పక్కనున్న కండరాలకు మాత్రం సరైన పని దొరకదు. వ్యాయామం పూడ్చేది ఈ లోటునే. బొగ్గు గనుల్లో డంపర్లు, టిప్పర్లు నడిపేవాళ్లది ఇంకో రకం బాధ. గంటల తరబడి కూర్చోవడం, దానికి తోడు బండి కుదుపు. వాళ్లు బండి దిగీ దిగగానే బరువు ఎత్తకూడదు, ముందు కాసేపు నడవాలి.

నొప్పి ముదిరితే మన దగ్గర కనిపించే దారులు మంచం, బెల్టు, సూది. మంచం సంగతి ఎప్పుడో తేలింది. 1986లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో రెండు రోజులు పడుకోమన్నవాళ్లూ, ఏడు రోజులు పడుకోమన్నవాళ్లూ ఒకేలా కోలుకున్నారు. ఏడు రోజులవాళ్లకు పని మాత్రం ఎక్కువ పోయింది. దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టు, ట్రాక్షన్ (బరువు కట్టి నడుమును సాగదీయడం) వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది, వ్యాయామాన్ని సిఫారసు చేసింది. ఇక సూది. మర్నాడు కూలికి పోనిస్తుంది కాబట్టే దానికి గిరాకీ, అందుకు కూలివాళ్లను తప్పుపట్టలేం. అయినా నొప్పి మందులు పదేపదే వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎముకలు గుల్లబారతాయి.

కొందరు అప్పు చేసి మరీ చంద్రపూర్‌లోనో వరంగల్‌లోనో ఎమ్మారై తీయించుకుంటారు. "డిస్కు అరిగింది" అన్న మాట రిపోర్టులో కనబడగానే టెన్షన్ మొదలు. నొప్పే లేనివాళ్లను స్కాన్ చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే 20 ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి ఆ అరుగుదల ఉంది. నెరిసిన జుట్టులాగే అదీ వయసుతో వచ్చేదే. దానికి భయపడి కదలడం మానేస్తే కండరాలు ఇంకా నీరసిస్తాయి.

మరి ఏం చెయ్యాలి? చేన్లో అయితే సాలు చివరికి వచ్చినప్పుడల్లా ఒడి దించి, చేతులు నడుము మీద పెట్టుకుని, ఐదారుసార్లు మెల్లగా వెనక్కి వాలాలి. ఇంటి దగ్గర వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు పైకెత్తి ఐదు సెకన్లు ఆపి దించాలి. ఇలా పదిసార్లు. తర్వాత చేతులు, మోకాళ్ల మీద వంగి, కుడి చేయి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాచి ఎనిమిది పది సెకన్లు నిలిపి, వైపు మార్చాలి. నడుము ఊగకుండా నిలపడమే ఇందులో అసలు పని, కాలు ఎంత ఎత్తు లేచిందన్నది లెక్క కాదు. నిద్ర లేచిన మొదటి గంటలో మాత్రం బాగా వంగే పనులు వద్దు. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ.

ఆస్ట్రేలియాలో 701 మందితో జరిగి 2024లో ప్రచురితమైన అధ్యయనంలో, ఫిజియో సలహాతో నడక అలవాటు చేసుకున్నవాళ్లలో తగ్గిన నొప్పి మళ్లీ రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది. మిగతావాళ్లకు 112 రోజులే. నడకకు ఖర్చేముంది?

అందరికీ ఒకే వ్యాయామం నప్పదు. కాసేపు నడిస్తే కాళ్లు లాగి, కూర్చుంటే తగ్గే పెద్దవాళ్లకు వెనక్కి వాలడం నొప్పిని పెంచవచ్చు. ఏది చేసినా నొప్పి కాలిలోకి పాకుతుంటే ఆపెయ్యాలి. మూత్రం, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు చచ్చుబడుతున్నా ఆ రోజే దవాఖానకు పోవాలి. నొప్పితో పాటు జ్వరం వస్తూ బరువు తగ్గుతుంటే వెన్నెముక టీబీ కూడా కావచ్చు, పరీక్ష చేయించుకోవాలి.

అసలు చిక్కు కూలి లెక్కలో ఉంది. ఏరిన కిలోలను బట్టి డబ్బు ఇచ్చే చోట ప్రతి ఆగుడూ ఆదాయం మీద కోతే. "మధ్యలో ఆగండి" అని కూలివాళ్లకు చెబితే సరిపోదు, రైతుకూ, కూలివాళ్లను కుదిర్చే ముకద్దంకూ చెప్పాలి. నడుము పట్టేసి కూలీ నాలుగు రోజులు రాకపోతే చేనికీ నష్టమే కదా. సెప్టెంబరులోనే, పత్తి పగలక ముందే, ఊళ్లలోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లలో (సర్కారీ ఆరోగ్య కేంద్రాల్లో) సాయంత్రం పూట, కూలివాళ్లు ఇంటికి చేరే వేళకు, ఈ వ్యాయామాలు నేర్పించాలి. మరాఠీ కరపత్రం పంచి ఊరుకుంటే బడికి పోని మన పెద్దవాళ్లకు అందదు. ఆశా కార్యకర్త ఎదురుగా చేసి చూపించి, తెలుగులో చెప్పి, వాళ్ల చేత చేయించాలి.