పంజరం తలుపు ఎటు తెరుచుకోవాలి?

సిరోంచలో ఉండేవాళ్ళకు జూ అంటే హన్మకొండే. మాది గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర. పిల్లలు బడిలో చదివేది మరాఠీ, ఇంట్లో మాట్లాడేది తెలుగు. పెద్దాసుపత్రికి పోవాలన్నా, పెళ్ళి బట్టలు తేవాలన్నా గోదావరి వంతెన దాటి కాళేశ్వరం, భూపాలపల్లి మీదుగా వరంగల్ దారి పడతాం. నాగపూర్ మాకు దూరాభారం. పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు "మామా, ప్రాణిసంగ్రహాలయ్ ఎప్పుడు తీసుకుపోతవ్" అని పొద్దున లేస్తే అదే మాట. చివరికి వాణ్ణీ, వాడి చెల్లెల్నీ వెంటబెట్టుకుని హంటర్ రోడ్డులోని కాకతీయ జూకి వెళ్ళాను. మా పెద్దవాళ్ళు దాన్ని ఇప్పటికీ వనవిజ్ఞాన కేంద్రం అనే అంటారు. కేంద్ర జూ అథారిటీ లెక్కలో అది చిన్న తరగతి జూ. 2025లో అక్కడికి పెద్దపులులు వచ్చాయి. పిల్లల టెన్షన్ అంతా పులి బయటికొస్తుందా, లోపలే పడుకుంటుందా అన్నదాని మీదే. నాకు మాత్రం ఏ జూకి వెళ్ళినా పక్షుల దగ్గరే కాళ్ళు ఆగిపోతాయి.

ఈ మధ్య ఏ ఊరి చిన్న జూ గురించి చదివినా వార్త ఇంచుమించు ఒకేలా ఉంటోంది. అరుదైన పక్షులు వస్తున్నాయి, కొత్త ఎన్‌క్లోజర్లు సిద్ధమవుతున్నాయి, సందర్శకులకు కనువిందు. నాకూ సంతోషమే. ఇరుకు బోనుల్లో తుప్పు పట్టిన కడ్డీల వెనక పక్షుల్ని చూసిన తరం మాది. కొత్తగా, విశాలంగా ఏం కట్టినా మేలే. అయినా ఆ వార్త చదివినప్పుడల్లా రెండు విషయాలు అడగాలనిపిస్తుంది. ఆ పక్షి ఎక్కడ అరుదు? ఆ ఎన్‌క్లోజర్ తలుపు ఎప్పటికైనా అడవి వైపు తెరుచుకుంటుందా?

మొదటి ప్రశ్న సంగతి. వార్తల్లో అరుదైన పక్షులు అన్నప్పుడు చాలాసార్లు కనిపించే పేర్లు మకావ్, కాకటూ, సన్ కాన్యూర్, గోల్డెన్ ఫెజెంట్. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ నీలం పసుపు మకావ్ దక్షిణ అమెరికా అడవుల్లో అంతరించే ముప్పున్న జాబితాలో లేదు. పైగా పంజరాల్లోనే తరతరాలుగా పిల్లల్ని పెడుతున్న పక్షి అది. నగరాల్లో పెంపుడు పక్షుల దుకాణాల్లో డబ్బు పెడితే దొరుకుతుంది. అది మనకు కొత్త పక్షి, అంతే. కొత్తదానికీ అరుదైనదానికీ తేడా చెప్పకపోతే పిల్లాడు ఇంటికి తీసుకెళ్ళేది తప్పుడు పాఠం. ఈము పక్షుల్ని మన రైతులు ఎంత ఆశగా తెచ్చుకున్నారో, చివరికి మేత పెట్టలేక ఎంత అవస్థ పడ్డారో మనకు గుర్తుంది. విదేశీ పక్షి అన్న ఒక్క మాటకు మనం ఇట్టే లొంగిపోతాం.

మరి నిజంగా అరుదైన పక్షి ఏది? మా ఊరి పేరుతోనే చెప్తాను. కలివికోడి, ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షిని ఆ తర్వాత కొన్నేళ్ళకు బ్లాన్‌ఫోర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గోదావరి లోయలో, సిరోంచ, భద్రాచలం ప్రాంతాల్లో చూసినట్టు రాశాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్ళీ జాడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఒక పల్లెటూరి మనిషి రాత్రిపూట పొదల్లో దాన్ని ప్రాణాలతో పట్టుకున్నాడు. దేశమంతా సంబరపడింది. ఆ పక్షి మాత్రం మనుషుల చేతుల్లో ఎక్కువ రోజులు బతకలేదు. తర్వాత పరిశోధకులు ఇంకోదాన్ని పట్టి బోనులో పెట్టే దారిలో పోలేదు. కడప జిల్లా లంకమల కొండల పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుల గుర్తులు చూశారు, కెమెరాలు కట్టారు, సాయంత్రం పూట దాని అరుపు కోసం చెవులు రిక్కించారు. 2025లో ఆ అరుపే మళ్ళీ రికార్డయింది. మా సిరోంచ పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? మకావ్ రంగులు వరసగా చెప్పగల మా మేనల్లుడికి, ఒకప్పుడు తన ఊరి పొదల్లో తిరిగిన కలివికోడి పేరు ఆ రోజు నేను చెప్పేదాకా తెలీదు.

రెండో ప్రశ్న నాకు ఇంకా ముఖ్యం. దానికి జవాబు రాబందుల దగ్గర దొరుకుతుంది.

మా వీధిలో ఒక పెద్దాయన చెప్తుంటారు. చిన్నప్పుడు ప్రాణహిత ఒడ్డున చచ్చిన గొడ్డును పడేస్తే, ఆకాశంలో మొదట ఒక చుక్క కనపడేదట. చూస్తుండగానే పది, ఇరవై. పూట గడిచేసరికి ఎముకలే మిగిలేవి. ఊరికి కంపు అన్నది తెలీదు. ఆ రాబందులు ఏమయ్యాయో ఇప్పుడు లోకానికి తెలుసు. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ ఆ మాంసం ద్వారా రాబందు ఒంట్లోకి చేరితే మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంది. ఈ సంగతి 2004లో బయటపడింది. 1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లనడుము రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. వెయ్యికి ఒకటి మిగిలిందన్నమాట. ప్రభుత్వం 2006లో పశువుల డైక్లోఫెనాక్‌ను నిషేధించింది. మనుషుల మందును పశువులకు వాడుతున్నారని తెలిసి 2015లో ఆ ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల సీసాకు పరిమితం చేసింది. 2023లో అలాంటివే మరో రెండు నొప్పి మందులు, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను పశువులకు వాడకుండా నిషేధించింది.

మందు ఆపడం ఒక పని. మిగిలిన పక్షుల్ని కాపాడి పెంచడం ఇంకో పని. హర్యానాలోని పింజోర్‌లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, అక్కడి అటవీ శాఖ కలిసి ఆ పని మొదలుపెట్టాయి. అక్కడ రాబందుల గుంపు కోసం కట్టిన పంజరాలు ఒక్కోటి 100 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. రెక్క విప్పి కాస్త దూరమైనా ఎగరాలి కదా. రాబందు ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు, పిల్ల పెద్దదై జతకట్టడానికి ఐదేళ్ళ దాకా పడుతుంది. అంటే ఇవాళ ఎన్‌క్లోజర్ కడితే ఫలితం చూసేది మన పిల్లలే. వాటికి వేసే మాంసంలో మందు ఆనవాలు ఉండకూడదు కాబట్టి, మేకల్ని ముందే కొని కొన్నాళ్ళు ఉంచి ఆ తర్వాతే పెడతారు. ఇంత శ్రమ జరిగే చోట టికెట్ కౌంటర్ లేదు, సెల్ఫీ పాయింట్ లేదు. జనం కంటికి దూరంగా ఉంచడమే అక్కడి పద్ధతి.

అక్కడ పెరిగిన పక్షులు మా పక్క జిల్లాకు వచ్చాయి. 2024 జనవరిలో పది తెల్లనడుము రాబందుల్ని చంద్రపూర్ జిల్లా తాడోబా అడవిలోని బోటెఝరీకి తెచ్చారు. అడవి మధ్యలో కట్టిన పెద్ద పంజరంలో కొన్ని నెలలు ఉంచారు, అక్కడి గాలికి, వానకు అలవాటు పడనిచ్చారు. ఒంటికి జీపీఎస్ ట్యాగులు కట్టి ఆగస్టులో తలుపు తెరిచారు. వాటిలో ఒకటి అక్కణ్ణుంచి తమిళనాడు దాకా ఎగిరిపోయింది. ఈ వార్త చదివిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతని చెప్పలేను. ఖాళీ అయిపోవడం కోసం కట్టిన పంజరం అది. ఎన్‌క్లోజర్ గొప్పతనం కొలవడానికి నాకు ఇంతకన్నా మంచి కొలబద్ద తోచడం లేదు.

చిన్న జూలు పింజోర్ కాలేవు, నిజమే. అంత డబ్బూ, అంతమంది వైద్యులూ ఉండరు. ఉండాలని అడగడం లేదు కూడా. హైదరాబాద్ నెహ్రూ జూలాంటి పెద్దచోట్ల రాబందుల సంతాన కేంద్రాలు ఉన్నాయి, ఆ పని వాటిది. చిన్న జూకి తగిన పని వేరే ఉంది. దెబ్బతిన్న, పట్టుబడిన మన పక్షుల్ని ఆదుకోవడం, ఎగరగలిగినవాటిని మళ్ళీ పంపేయడం.

ఒక చిన్న జూలో నేను చూసిన రామచిలుక ఇప్పటికీ కళ్ళ ముందు మెదులుతుంది. ఆ జూ పేరు ఇక్కడ అక్కర్లేదు. చిలక జోస్యం చెప్పేవాళ్ళ దగ్గర పట్టుకున్న చిలకల్ని అక్కడ ఉంచారు. రామచిలుకను ఇంట్లో పెంచడం, అమ్మడం వన్యప్రాణి చట్టం కింద నేరం, అందుకే అవి అక్కడికి చేరాయి. మిగిలినవి వెనక కొమ్మ మీద గుంపుగా కూర్చున్నాయి. ఇది మాత్రం ముందు జాలీకి అతుక్కుని ఉంది. రెక్క ఈకలు కత్తెరతో కోసినట్టు సమానంగా తెగి ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్తే తల ఓ పక్కకు వంచి, ముక్కుతో జాలీ కింది అంచును లాగింది. వదిలింది. మళ్ళీ లాగింది. చీటీ తీస్తోందని అర్థమయ్యేసరికి నాకు కడుపులో దేవినట్టయింది. ఆ చిలకకు కావలసింది రంగుల బోర్డు కాదు. కొత్త ఈకలు మొలిచేదాకా మనుషులు కనపడని ఒక మూల, తోటి చిలకలు, పొడవుగా ఎగిరి రెక్క బలం తెచ్చుకునే చోటు. ఆ మూడూ ఉంటే అలాంటి చిలకల్లో కొన్నైనా మళ్ళీ చింతచెట్ల మీదికి పోతాయి.

అదే జూలో పక్షులు కూర్చునే చోట నున్నటి ఇనుప గొట్టాలు బిగించారు. గట్టిగా, ఎక్కడ చూసినా ఒకే లావుగా ఉండే వాసం మీద రోజంతా కూర్చుంటే బరువంతా పాదంలో ఒకే చోట పడి పుండ్లు లేస్తాయి. ఆ పుండు లోపలికి పాకితే పక్షి దక్కదు. వేప కొమ్మలు, మద్ది కొమ్మలు సన్నవీ లావువీ కలిపి కడితే చాలు. దానికి పెద్ద టెండరేమీ అక్కర్లేదు. హార్న్‌బిల్‌ను తెస్తే తొర్ర ఉన్న మొద్దు, తడి మట్టి పెట్టాలి. ఆడపక్షి తొర్రలోకి దూరి ద్వారం మూసేసుకుంటుంది, చిన్న సందులోంచి మగపక్షి మేత అందిస్తుంది. తొర్ర లేని హార్న్‌బిల్ ఎన్‌క్లోజర్ వంటగది లేని ఇల్లు లాంటిది. మేలో 45 డిగ్రీలు దాటే మా వైపు అయితే నీడ, నీటి తుంపర, వట్టివేళ్ళ తడికలు మొదట రావాలి, గాజు తెరలు తర్వాత. సందర్శకుడు నాలుగు వైపులా చుట్టూ తిరిగి చూడగలిగే ఎన్‌క్లోజర్ గొప్పగా కనపడుతుంది కానీ, లోపల పక్షికి వీపు ఆనించుకోవడానికి ఒక్క గోడ కూడా ఉండదు. నన్నడిగితే ఒక వైపు నుంచి మాత్రమే చూడనివ్వాలి. పక్షి దాక్కుంటే దాక్కోనివ్వాలి. కనపడలేదని పిల్లలు ఏడిస్తే కాసేపు ఓపిక పట్టమని చెప్పొచ్చు. అడవిలో పక్షిని చూడాలన్నా పట్టాల్సింది ఆ ఓపికే.

జబ్బుల సంగతి కూడా తేలిగ్గా తీసుకోలేం. 2024 డిసెంబర్ చివర్లో నాగపూర్ గోరేవాడ వన్యప్రాణి రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత బర్డ్ ఫ్లూతో చనిపోయాయి. ఆ పులులు చంద్రపూర్ వైపు నుంచి తీసుకెళ్ళినవి. కొత్త పక్షి వచ్చినప్పుడు కొన్ని వారాలు వేరుగా ఉంచే గది, మాంసం, మేత ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూసే మనిషి లేకుండా పక్షుల సంఖ్య పెంచితే ముప్పు పక్షులతో ఆగదు.

చట్టంలో లోపం ఉందని నేననను. 1972 వన్యప్రాణి చట్టంలోనే జూల కోసం వేరే అధ్యాయం ఉంది, 1992 నుంచి కేంద్ర జూ అథారిటీ ఉంది. దాని అనుమతి లేకుండా ఏ జూ అయినా ఆ చట్టం షెడ్యూళ్ళలో పేరున్న జంతువును కొనకూడదు, తేకూడదు. జూల పని అడవిలో జరిగే సంరక్షణకు తోడ్పడటమని 1998 జాతీయ జూ విధానం స్పష్టంగా చెప్పింది. మాట ఉంది, డబ్బు మాత్రం ఆ మాట వైపు నడవడం లేదు. ఎన్‌క్లోజర్ కట్టడానికి ఒకసారి నిధులొస్తాయి, ప్రారంభోత్సవం జరుగుతుంది, ఫోటోలు పడతాయి. రోజూ పొద్దున ఆరింటికి వచ్చి, ఏ పక్షి మేత ముట్టలేదో, ఏది ఒంటికాలి మీద నిలబడిందో చూసి చెప్పే కీపర్ జీతానికే కొరత. పక్షి జబ్బును దాచుకుంటుంది. అది బయటపడేసరికి చాలా ఆలస్యమవుతుంది. ఆ తేడాను ముందే పసిగట్టేది పదేళ్ళ అనుభవమున్న కీపర్ కన్నే. అలాంటి మనిషిని కాంట్రాక్టు మీద ఆరు నెలలకోసారి మారుస్తుంటే ఎన్ని కోట్ల ఎన్‌క్లోజర్ కట్టినా ఒకటే.

సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న చిన్న జూలు కలిసి ఒక పని చేయొచ్చని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెట్టడం 2013లో బయటపడింది. గుట్ట తెలంగాణది, ఎదురుగా ప్రాణహిత దాటితే మహారాష్ట్ర. రాబందుకు ఆ గీత తెలీదు. గూడు అటు, మేత ఇటు. కాబట్టి జూలో రాబందు బొమ్మ పక్కన ఈ కథ తెలుగులోనూ, మరాఠీలోనూ రాసి పెట్టాలి. పశువుకు ఏ ఇంజెక్షన్ వేయించకూడదో, దానికి బదులు రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ అడగాలని రాయాలి. వారాంతంలో జూకి వచ్చేవాళ్ళలో ఇళ్ళల్లో గొడ్లున్నవాళ్ళూ ఉంటారు. ఆ ఒక్క బోర్డు చదివి నలుగురు రైతులు మందు మార్చినా, ఆ జూ పాలరాపు గుట్ట మీది రాబందును ముట్టుకోకుండానే కాపాడినట్టు.

కలివికోడికి కూడా ఎన్‌క్లోజర్ అక్కర్లేదు. లోపల పక్షి లేని ఒక చిన్న గది చాలు. కలివి పొద, నేల మీద మెత్తటి మట్టి, అందులో దాని అడుగుల గుర్తు, మీట నొక్కితే లంకమలలో రికార్డు చేసిన అరుపు. గోడ మీద గోదావరి పటం, అందులో భద్రాచలం, సిరోంచ. ఆ రోజు తిరుగు ప్రయాణంలో కాళేశ్వరం వంతెన మీద చీకటి పడుతుండగా మా మేనల్లుడు కిటికీలోంచి తల బయట పెట్టి, "మామా, అది ఎట్లా అరుస్తది?" అని అడిగాడు. నేను ఎప్పుడూ వినలేదని చెప్పాను. ఇంటికి చేరేదాకా వాడు కిటికీ మూయనివ్వలేదు.