సవరణ: ఫ్రెంచిలో టోపీ గుర్తు రద్దు కాలేదు

1990 నాటి వర్ణక్రమ (స్పెల్లింగ్) సంస్కరణ ఫ్రెంచి అక్షరాల మీది టోపీ గుర్తును (సర్కాన్‌ఫ్లెక్స్) తీసేసిందని వెనుకటి వ్యాసంలో ఉంది. దాన్ని ఇలా చదువుకోవాలి: ‘ఐ’ (i), ‘యు’ (u) అక్షరాల మీద మాత్రమే ఆ గుర్తు ఐచ్ఛికమైంది. ‘ఏ’ (a), ‘ఇ’ (e), ‘ఓ’ (o)ల మీద యథాతథంగా ఉంది. పాత రూపాలూ తప్పు కావు. వాటికి విద్యార్థుల మార్కులు కోయడం అన్యాయం.

‘ఐ’, ‘యు’ల మీద కూడా అర్థం తారుమారయ్యే చోట టోపీ ఉండి తీరాలి. ‘దవ్వార్’ (బాకీపడు, చేయవలసి ఉండు) క్రియ భూత కృదంతం (జరిగిపోయిన పనిని తెలిపే రూపం) ‘ద్యూ’. ‘యు’ మీద టోపీ పెట్టకపోతే అది ‘యొక్క’ అనే అర్థమిచ్చే మరో ‘ద్యూ’ అయిపోతుంది. పలుకు ఒకటే, తేడా కంటికే. స్త్రీలింగంలో చివర ‘ఇ’ చేరగానే తికమకకు తావుండదు, టోపీ కూడా ఉండదు. ఫ్రెంచి వర్ణక్రమంలో నాకు ఎంతో నచ్చే చోటు ఇదే.

ఇక అదే సంస్కరణలో క్రియల సంగతి. ‘రెనూవ్‌లే’ (కొత్తది చేయు) వంటి వాటి వర్తమాన రూపాల్లో జంట ‘ఎల్’కు బదులు ఒకే ‘ఎల్’ రాసి, ముందున్న ‘ఇ’ మీద ఎడమ నుంచి కుడికి దిగే గీత పెట్టవచ్చు. ‘అప్లే’ (పిలుచు), ‘జ్‌తే’ (విసురు), వాటి నుంచి పుట్టిన క్రియలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. అక్కడ హల్లు జంటగానే రాయాలి.