ౡకు చోటుంది, ౘకు లేదు

తెలుగును ఎలా రాస్తామో అలాగే చదువుతామని సభల్లో చెప్పుకుని మురిసిపోతుంటాం. ఆ గొప్ప 'చ' దగ్గరే బోల్తా పడుతుంది. కింద పరిచే 'చాప' అంటే నాలుక కొన పైపళ్ల వెనక తగులుతుంది: దంత్యం. విల్లు అనే అర్థంలో 'చాపం' అంటే నాలుక లేచి అంగిలిని తాకుతుంది: తాలవ్యం. జడ, జడం సంగతీ అంతే. రష్యన్, పోలిష్ ఈ రెండు రకాల 'చ'నూ వేర్వేరుగా రాస్తాయి. కశ్మీరీని నాగరిలో రాసేవాళ్లు దంత్యానికి చ కింద చుక్క పెడతారు. మరాఠీ మనలాగే ఒక్క అక్షరంతో సరిపెట్టుకుంది.

గుర్తులెందుకు, సూత్రం చాలదా అంటారు కొందరు. ఇ, ఈ, ఎ, ఏలతో తాలవ్యం, మిగతా అచ్చులతో దంత్యం. గ్రాంథికంలోని తెలుగు మాటలకు ఇది సరిపోయింది, నిజమే.

వాడుక భాష ఆ సూత్రాన్ని తెంచేసింది. 'దాచు'లో ఉన్నది దంత్యం. 'దాచినాడు' కుదించుకుని 'దాచాడు' అయ్యాక ఇకారం పోయింది, దాని వల్ల వచ్చిన తాలవ్యం మాత్రం మిగిలింది. పైగా అక్కడ పలికేది ఆకారం కూడా కాదు, 'బ్యాంకు'లోని అచ్చు. 'చచ్చాడు'లో మొదటి చ దంత్యం, తర్వాతిది తాలవ్యం! (తెలంగాణ 'దాచిండు' ఇకారాన్ని వదల్లేదు కనుక అక్కడ సూత్రం చెక్కుచెదరలేదు.) వీటికి సంస్కృతపు 'చరిత్ర', 'జలం', ఇంగ్లీషు 'చాక్లెట్', 'జాబ్' తోడయ్యాయి. ఇవన్నీ తాలవ్యాలే.

యంత్రానికి తెలుగు చదవడం నేర్పేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. సూత్రాన్ని నమ్మితే 'చరిత్ర' చెడుతుంది, అంతా తాలవ్యమే అనుకుంటే 'చలి', 'జొన్న' పరాయి నోట పలికినట్టుంటాయి. ముందు భూతకాల క్రియల్లోని చాడు, చారు, చానులను విడదీయాలి. తర్వాత ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలు, శ, ష, ఋ ఉన్న మాటలను సంస్కృతమని అనుమానించి తాలవ్యం వైపు పంపాలి. 'జలం', 'చాపం' ఈ జల్లెడలో నిలవవు. వాటికి ఏది దంత్యమో, ఏది తాలవ్యమో గుర్తుపెట్టిన పదజాబితా తప్ప గతి లేదు. బ్రౌన్ నిఘంటువు దంత్య చ, జలకు గుర్తులైన ౘ, ౙలతో ఆ పని చేసింది గానీ, నిన్నగాక మొన్న వచ్చిన ఇంగ్లీషు మాటలు అందులో ఎలా ఉంటాయి?

చిన్నయసూరి తెలుగుకు వర్ణాలు 36 అని లెక్కగట్టినప్పుడు ౘ, ౙ అందులో ఉన్నాయి. ఋ, ఌ, ఙ లేవు. మన వర్ణమాల చార్టులు దాన్ని తలకిందులు చేశాయి. సంస్కృతంలోనే పనిలేని ౡను పిల్లల చేత దిద్దిస్తాం, రోజూ పలికే ధ్వనికి పేరైనా చెప్పం. సొంత నోటిని సంస్కృతం కొలబద్దతో కొలుచుకునే అలవాటిది. యూనికోడ్‌లో ౘ, ౙలకు 2008లోనే చోటు దొరికింది. రోజువారీ రాతలోకి తేనక్కర్లేదు. నిఘంటువుల్లో ప్రతి చ, జ పక్కన, తెలుగును రెండో భాషగా నేర్పే వాచకాల్లో, డాలస్ వారాంతపు తరగతుల పాఠాల్లో అచ్చువేస్తే చాలు.