ఖాళీదేలే బ్రో!

గత నెల మా అపార్ట్‌మెంట్ పార్కింగులో ఎవరో ఒక సైకిలు, రెండు హెల్మెట్లు ఎత్తుకెళ్ళారు. బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో ఇదేం వార్త కాదు. కానీ శనివారం పెసరట్టు, ఆదివారం ప్లాట్ల రేట్లు తప్ప వేరే ఊసే లేని మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు మూడు రోజుల్లో యుద్ధమండలి అయిపోయింది. సీసీ కెమెరాలు బాగుచేయిద్దామన్న పాపానికి ఒకాయన్ని పిరికివాడన్నారు. వారం తిరిగేసరికి క్లబ్‌హౌస్ గోడకి బ్యానరు: టాక్టికల్ సెల్ఫ్ డిఫెన్స్ షూటింగ్, లెవెల్ 1. ఫీజు ఆరు వేలు, టీషర్టు ఉచితం.

నన్ను లాక్కెళ్ళింది మా బావమరిది. "బావా, నువ్వు ప్రతిదానికీ వెటకారమే, ఒక్కసారి వచ్చి చూడు" అన్నాడు. చూశాను. అందుకే ఈ రాత.

గురువుగారు గది లోపల కూడా నల్లకళ్ళద్దాలు తీయలేదు. ప్యాంటుకి పద్నాలుగు జేబులు, లెక్కపెట్టాను, ఒకదాంట్లోంచి ఫోన్ ఛార్జరు వేలాడుతోంది. ఎవరికి శిక్షణ ఇచ్చారు సార్ అంటే "క్లాసిఫైడ్ బ్రో" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నారంటే అదీ క్లాసిఫైడే. ఫీజుకి రసీదు అడిగితే అది అన్నిటికంటే పెద్ద క్లాసిఫైడని తేలింది.

మొదటి ప్రవచనం ఇది: "ఒలింపిక్స్ వాళ్ళు కాగితాలకి బొక్కలు పెడతారు. నేను ప్రాణాలు కాపాడటం నేర్పుతా." హాలంతా చప్పట్లు. చప్పట్లు కొట్టిన ఇరవై మందిలో ఒక్కడికీ తుపాకీ లైసెన్స్ లేదు. బల్లమీద పెట్టినదేమో ఎయిర్ పిస్టల్, మందుగుండు లేకుండా గాలి ఒత్తిడితో కొట్టేది. అంటే ఆ కాగితాలకి బొక్కలు పెట్టేవాళ్ళు వాడే సరుకే. పెసరగింజంత 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్, ఒకసారికి ఒకటి.

సరే, ప్రాణాలు కాపాడుకునే ముహూర్తం వచ్చిందనుకుందాం. రాత్రి పదకొండు, సిల్క్ బోర్డ్ సిగ్నల్, దొంగ కత్తి తీశాడు. మా బావమరిది ఏమాత్రం తడబడకుండా "ఒంద్ నిమిష గురూ" అని చెప్పి బ్యాక్‌ప్యాక్ దించుతాడు. ల్యాప్‌టాప్ తీస్తాడు, దాని కింద టిఫిన్ బాక్సు తీస్తాడు, దాని కింద పిస్టల్ పెట్టె, పెట్టెకి నంబర్ల తాళం, ఆ నంబరు పెళ్ళిరోజు కాబట్టి మా చెల్లెలికి ఫోన్ చేసి కనుక్కుంటాడు. పిస్టల్ తెరిచి పెల్లెట్ పెట్టబోతే అది జారి బీఎంటీసీ బస్సు కిందికి దొర్లుతుంది. దొంగ జాలిపడి ఫోన్ టార్చి వేసి వెతికిపెడతాడు. పోటీ నియమాలు కూడా పాటిద్దామంటారా, దొంగ సరిగ్గా పది మీటర్ల దూరంలో నిలబడాలి, సన్నాహానికి 15 నిమిషాలు, ఆ తర్వాత 60 షాట్లకి 75 నిమిషాలు. ఇద్దరూ కంగారు పడక్కర్లేదు, సిగ్నల్ అప్పటికి కూడా పచ్చబడదు.

కాగితానికి బొక్క పెట్టడం అంత తేలికా? ఎయిర్ పిస్టల్‌లో టార్గెట్ నట్టనడుమ ఉండే పదో రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. పది మీటర్ల నుంచి ఒంటి చేత్తో కొట్టాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన విజయ్ కుమార్ ర్యాపిడ్ ఫైర్‌లో వెండి పతకం తెచ్చాడు కదా, ఆ పోటీలో కిందికి దించి ఉన్న చెయ్యి ఎత్తి, 25 మీటర్ల దూరంలో వరసగా ఉన్న ఐదు టార్గెట్లని ఒక్కో గుండుతో కొట్టాలి. మొదట 8 సెకన్లు, తర్వాత 6, చివరికి 4. ఆయన అప్పట్లో సైన్యంలో మనిషి. ఆయన ముందు నిలబడి "మీది స్లోమోషన్ బ్రో" అనమనండి మా గురువుగారిని.

అలాగని పోటీలో పతకం కొడితే ఆత్మరక్షణ వచ్చేసినట్టు కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. కాగితం తిరగబడదు, దాని వెనక పాలప్యాకెట్లు పట్టుకుని పక్కింటి పిల్ల నడిచి రాదు. పోటీలో ఎప్పుడు కాల్చాలో అధికారి చెబుతాడు, వీధిలో కాల్చాలా వద్దా అన్నదే అసలు పరీక్ష. పోలీసుల్ని ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆత్మరక్షణ హక్కు వర్తించదనీ, అవసరానికి మించి హాని చేయకూడదనీ పాత పీనల్ కోడ్‌లోనూ ఉంది, 2024 జూలైలో వచ్చిన న్యాయ సంహితలోనూ ఉంది. దీనికి గురువుగారు కేటాయించిన సమయం సున్నా. సుద్దముక్కతో నేలమీద 21 అడుగుల గీత గీసి "ఇది దాటితే కాల్చెయ్" అన్నాడు. అమెరికాలో ఒక పోలీసాయన 1983లో రాసింది, కత్తి పట్టుకున్నవాడు అంత దూరం పరిగెత్తడానికి సెకనున్నర పడుతుంది, జాగ్రత్త అని. ఇక్కడికొచ్చేసరికి అది కాల్చడానికి పర్మిట్ అయింది.

ఇంకో తమాషా. ఈ టాక్టికల్ వాళ్ళందరికీ కులదైవం జెఫ్ కూపర్ అనే అమెరికా పిస్టల్ గురువు. మా ఉచిత టీషర్టు వీపు మీద కూడా ఆయన పేరే. 1976లో ఐపీఎస్‌సీ అనే ప్రాక్టికల్ షూటింగ్ పోటీల సంస్థ పెడితే దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే! పోరాటానికి పనికొచ్చేదేదో పోటీలో తేల్చుకుందామనుకున్న మనిషి. ఆయన చెప్పిన భద్రతా సూత్రాల్లో మొదటిది, ప్రతి తుపాకీ ఎప్పుడూ లోడై ఉన్నట్టే.

ఆ పేరు వీపు మీద వేసుకుని మా గురువుగారు ఏం చేశాడో చెబుతాను. జేమ్స్ బాండ్‌లా గిర్రున తిరిగాడు. తిరుగుతుంటే పిస్టల్ మూతి ముందు వరస మొత్తం మీదుగా వెళ్ళింది, వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. ఆ వరసలో మూడో కుర్చీలో మా బావమరిది కూతురు, పన్నెండేళ్ళ పిల్ల, చిప్స్ తింటోంది. నేను లేచి అరిచాను. ఆయన నవ్వి "ఖాళీదేలే బ్రో" అన్నాడు.

ఖాళీదేలే! తెరిచి చూశావా? చూడలేదు. ఒక్కసారి కూడా తెరవలేదు, నేను మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఎయిర్ పిస్టల్ కదా అంటావేమో, పెసరగింజ చాలదురా కన్ను పోవడానికి? పెళ్ళి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చేవాళ్ళూ పైకే కదా అనే అంటారు, మేడ మీద నిలబడి చూసే పిల్లలు చచ్చిపోతే ఆ తర్వాత తెల్లమొహం వేస్తారు. 2019లో చట్టం సవరించి అలాంటివాళ్ళకి రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టారు. క్లబ్‌హౌస్‌లో పిల్ల మొహం మీదుగా గొట్టం తిప్పినవాడికి మాత్రం మావాళ్ళు శాలువా కప్పారు. నన్ను "కూల్ డౌన్ అంకుల్" అన్నారు. సిగ్గులేదు ఒక్కడికీ.

తర్వాతి ఆదివారం మేనకోడల్ని వేరేచోటికి తీసుకెళ్ళాను. ఒక మేడమీద రేకుల షెడ్డు, రిటైరైన సుబేదారు గారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, అదే, మిలిటరీ మాధవరం మనిషి. ఫీజు సగం, రసీదు అడక్కుండానే ఇచ్చారు. మూడు వారాలు పెల్లెట్ ముట్టనివ్వలేదు. పిస్టల్ ఎత్తడం, దించడం, తెరిచి చూపించడం, లోపల పెల్లెట్ లేదని అందరికీ తెలిసేలా నారింజ రంగు తాడు గొట్టంలోంచి దూర్చి మూతి దగ్గర కనపడేట్టు పెట్టడం, ఇంతే. తాడు కనపడకపోతే ఆయన పిల్లని కసరడు, మౌనంగా వచ్చి పక్కన నిలబడతాడు. అది చాలు.

"ఆత్మరక్షణ కూడా నేర్పుతారా సుబేదార్ గారూ?" అన్నాను.

"అది నాకు రాదండీ. గురి, ట్రిగ్గరు, అంతే నాకొచ్చింది."

నాకు రాదు అన్న శిక్షకుణ్ణి ఈ ఊళ్ళో జిమ్ము నుంచి స్టాక్ మార్కెట్ దాకా నేనింతవరకూ చూడలేదు. నెల ఫీజు అక్కడే కట్టేశాను.

మా బావమరిది కూడా రెండు రోజులొచ్చాడు. చెయ్యి నొప్పెట్టింది, బోర్ కొట్టింది, మళ్ళీ క్లబ్‌హౌస్‌కే పోయాడు. పై నెల లెవెల్ 2 అట, చీకట్లో షూటింగ్. ఫీజు పన్నెండు వేలు. టార్చి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.