కేజీ రోడ్డుకు రాత్రి గేటు ఉండాలా, వద్దా?

కేజీ రోడ్డంటే కర్నూలు–గుంటూరు రోడ్డు. నందికొట్కూరు, జూపాడు బంగ్లా, ఆత్మకూరు దాటి నల్లమలలోకి దిగుతుంది. దోర్నాల దగ్గర బయటపడి త్రిపురాంతకం, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు చేరుతుంది. చాలాకాలం రాష్ట్ర రహదారి. ఇప్పుడు కొన్ని ముక్కలకు జాతీయ రహదారి నంబర్లు వచ్చాయి. ఆత్మకూరు, దోర్నాల మధ్య పులులు తిరిగే అడవి కాబట్టి రాత్రయితే గేటు వేసి లారీలను వదలరు. ఆ గేటు తీసెయ్యాలి, రోడ్డు వెడల్పు చెయ్యాలి అంటాడు అల్లుడు. అతను లారీ ఓనరు. కూడదంటాడు మామ. ఆయన అదే రోడ్డు మీద ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషి. నేను మామ పక్షమని ముందే చెప్తున్నాను. అలాగని అల్లుడి మాటలు కత్తిరించలేదు.

అల్లుడు: మామా, రాత్రి ఎనిమిదింటికి నందికొట్కూరులో మిర్చి టిక్కీలు లోడై, తాళ్లు బిగించి బయల్దేరితే అడవి మొదట్లోని బైర్లూటి చేరేసరికి గేటు వేసేసి ఉంటుంది. ఇంక రాత్రంతా రోడ్డు పక్కన పడుకోవాల్సిందే. తెల్లారేసరికి గుంటూరు యార్డులో దిగాల్సిన సరుకు మధ్యాహ్నానికి దిగితే ఆ రోజు బేరం పోయినట్టే. రైతు నన్ను తిడతాడు. నేనెవర్ని తిట్టాలి?

మామ: నంద్యాల మీద తోలు. గిద్దలూరు, కంభం, వినుకొండ.

అల్లుడు: చుట్టు తిరిగితే డీజిల్ ఎవరిస్తారు? సరే, డబ్బుల సంగతి వదిలెయ్. నంద్యాల నుంచి గిద్దలూరు పోవాలంటే గాజులపల్లె దాటాక ఘాట్ ఎక్కాలి. అది నల్లమల కాదా? అక్కడ పులి తిరగదా? ఇక్కడ గేటు వేసి నా లారీని అక్కడికి తోలమంటున్నావు. ఒక అడవిని కాపాడ్డానికి ఇంకో అడవిలోకి పొమ్మంటే అదేం న్యాయం?

మామ: ఆ మాట నిజమే, కాదనను. కానీ అటు పక్క ఇప్పటికే రైలు పోతోంది, రోడ్డూ ఉంది. అడవికి అక్కడ ఒక గాయం అయిపోయింది. రెండోది కూడా కోద్దామా?

అల్లుడు: గాయం అంటావేంటి మామా! రోడ్డు ముందు పడింది, అభయారణ్యం తర్వాత వచ్చింది. 1978లో అభయారణ్యం అన్నారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. అంతకుముందు నుంచీ ఇది గుంటూరుకు దారే కదా.

మామ: 1978లో కాగితం వచ్చింది, పులి అప్పుడొచ్చింది కాదు. దారి సంగతి ఎత్తావు కాబట్టి చెప్తా విను. శ్రీశైలానికి తూర్పు వాకిలి త్రిపురాంతకం, పడమటి వాకిలి అలంపురం. అలంపురం మన కర్నూలుకు ఏటి అవతలే. అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లవాళ్లు తుంగభద్ర దాటేముందు ఇరుసులకు కందెన వేసుకున్న చోటు కాబట్టి కందనవోలు అన్నారని పెద్దలు చెప్తారు. చూడు, మన ఊరి పేరే బండి దారిలో పుట్టింది. ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలానికి కాలిబాట ఉంది. రెడ్డిరాజుల నాడు మెట్లు కట్టించిన బాట అది. ఉగాదికి కన్నడ భక్తులు ఇప్పటికీ నడిచే పోతారు. ఆ దారికి కాపలా చెంచులే. యాత్రికుల దగ్గర ఇంత పుచ్చుకుని కొండ దాటించేవాళ్లు. వందల ఏళ్లు జనం ఈ అడవిలో తిరిగారు, కానీ పగలు తిరిగారు. పొద్దుగూకితే ఎక్కడి బండి అక్కడ ఆగేది. ఈ గేటు కొత్తగా పెట్టిందేం కాదు, దారికి మొదటినుంచీ ఉన్న పద్ధతే. దాన్ని చెడగొట్టింది మనం, హెడ్‌లైట్లు వచ్చాక. ఇంకొకటి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలు, ఆ మరుసటేడు హైకోర్టు పెట్టింది గుంటూరులో. 1956 దాకా ఆ రెండిటినీ కలిపింది ఈ రోడ్డే. అప్పీలుకు పోయే కక్షిదారులూ లాయర్లూ బస్సుల్లో ఇటే పోయేవాళ్లని మా నాయన చెప్పేవాడు.

అల్లుడు: అది మాత్రం ఒప్పుకోను. నంద్యాలకొచ్చి మీటర్ గేజి రైలెక్కితే కంభం, మార్కాపురం, నరసరావుపేట, గుంటూరు. కోటు వేసుకున్న లాయరు ఈ అడవిలో ఎర్రదుమ్ము తింటూ ఎందుకు పోతాడు?

మామ: రైలెక్కాలన్నా ముందు నంద్యాల రావాలి కదా! కర్నూలు కక్షిదారుకు బస్సే దగ్గర.

అల్లుడు: తాతకు ఈ రోడ్డంటే ప్రాణం కాబట్టి అలా చెప్పుంటాడు.

మామ: మా నాయన చెప్పింది అబద్ధమంటావా?

అల్లుడు: అబద్ధమని ఎక్కడన్నాను? అందరూ ఇటే పోయుండరని అన్నాను. గుంటూరు వాళ్లు దీన్ని కర్నూలు రోడ్డంటారు, మనం గుంటూరు రోడ్డంటాం. ఎవరి ఊరు వాళ్లకు గొప్ప.

మామ: సరే, కొందరు రైల్లో పోయుంటారు. ఇప్పుడా లెక్క తేలదు.

అల్లుడు: తేలే లెక్క నేను చెప్తా. మన కర్నూలు మీదుగా పోయే 44వ నంబరు హైవే ఉత్తరాన మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ సరిహద్దులో పెంచ్ పులుల అడవిలో నుంచి పోతుంది. అక్కడ రోడ్డును ఎత్తు మీద కట్టి కింద జంతువులకు దారులు వదిలారు. ఒక్కటైతే 750 మీటర్ల పొడవు. వాటి కింద పులులు నడవడం కెమెరాల్లో పడింది. బండ్లు పైన, పులి కింద. ఎవరి దారి వాళ్లది. మనకూ అలా కట్టమందాం. అప్పుడు గేటుతో పనేముంది?

మామ: మంచి పనే, నేనూ విన్నాను. కానీ అది నాలుగు వరుసల దేశం రోడ్డు, ఎలాగూ ఆపలేని బండ్లు. అందుకని అంత ఖర్చు పెట్టారు. ఇక్కడ రాత్రి బండ్లు ఇప్పుడు లేవు. వెడల్పు చేశావంటే లేనివాటిని పిలిచినట్టే. నీ ఒక్క మిర్చి లారీతో ఆగదు, గుంటూరు నుంచి బళ్లారి పోయేవన్నీ ఇటే తిరుగుతాయి. రోళ్లపెంట దగ్గర ఇప్పుడు రెండు పక్కల చెట్లు పైన కలుస్తాయి. కొండముచ్చులు కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి రోడ్డు దాటతాయి. వెడల్పు కోసం ఆ చెట్లు కొడితే అవి నేల మీదికి దిగాలి. కింద దారులు ఎన్ని కట్టినా కొండముచ్చుకు అవి దారి కాదు.

నా సంగతి ఒకటి చెప్తా. ఎవరికీ చెప్పలేదు. గేటు లేని రోజుల్లో ఒక రాత్రి రోళ్లపెంట దాటి వస్తున్నా. మలుపు తిరగ్గానే నడిరోడ్డు మీద దుప్పి. లైటు కళ్లలో పడితే అది పరిగెత్తదు, నిలబడిపోతుంది. వెనక పది టన్నుల లోడు. బ్రేకు మీద నిలబడ్డా బండి ఆగలేదు. దిగి చూస్తే చెవి ఒకటి ఇంకా కదుల్తోంది, ఈగను తోలుకున్నట్టు. బంపర్‌కు వెంట్రుకలు అంటుకున్నాయి. క్లీనరూ నేనూ పక్కకు లాగాం. దోర్నాలలో టీ తాగలేకపోయాను. నెమ్మదిగానే తోలాను అల్లుడూ, తప్పతాగి లేను. అయినా చచ్చింది. జాగ్రత్తగా తోలితే చాలంటావేమో, చాలదు.

అల్లుడు: (కాసేపాగి) దుప్పి సంగతి విన్నాను. ఇప్పుడు నాది విను. బైర్లూటి చెంచు గూడెంలో అర్ధరాత్రి నొప్పులొస్తే? అంబులెన్సును వదులుతారంటావు. అంబులెన్సు దొరక్క ఆటోలో పోయేవాళ్ల సంగతేంటి? గేటు దగ్గర మనిషి నిద్రపోతే? దారికి కాపలా కాసింది చెంచులే అన్నావు. ఇప్పుడు వాళ్లే ఆ గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడాలా?

మామ: దానికి నా దగ్గర జవాబు లేదు. అది తప్పే. గూడెం మనిషిని ఏ వేళప్పుడైనా, ఏ బండిలో వచ్చినా, అడక్కుండా వదలాలి. గేటు దగ్గర రాత్రంతా మెలకువగా మనిషుండాలి. ఆ మనిషి గూడెం వాడే అయితే ఇంకా మంచిది, ఎవరు ఎందుకు పోతున్నారో వాడికి తెలుస్తుంది.

అల్లుడు: అది రాసి ఇద్దామంటే నేనూ సంతకం పెడతా. మరి నా లారీ?

మామ: నీ లారీకి గేటు ఉండాల్సిందే.

అల్లుడు: రైతుకు ఏం చెప్పను?

మామ: మధ్యాహ్నమే లోడు చెయ్యమను. హమాలీలను పొద్దున పిలిపించమను. మూడింటికి కదిలితే వెలుగుండగానే అడవి దాటతావు, తెల్లారేసరికి యార్డులో ఉంటావు.

అల్లుడు: మూడింటికి కోత దగ్గర్నుంచి బస్తా కూడా రాదు మామా.

మామ: అయితే తెల్లారాక తోలు.