సవరణ: పాలనా ఖర్చుల పరిమితి 50 కాదు, 20 శాతమే

విదేశీ దాతల ప్రాజెక్టులకు బడ్జెట్ ఎలా వేయాలో చెప్పిన నిన్నటి పోస్టులో రెండు తప్పులు రాశాను. పొరపాటు నాదే. సవరించిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ), కేంద్ర హోంశాఖ నిబంధనలు మళ్లీ చూసి సరిచేస్తున్నాను.

వచ్చిన విదేశీ నిధుల్లో 50 శాతం దాకా పాలనా ఖర్చులకు పెట్టుకోవచ్చన్నాను. 2020 సెప్టెంబరు ఎఫ్‌సీఆర్‌ఏ సవరణతో అది 20 శాతానికి తగ్గింది. ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు, లెక్కల ఖర్చు ఇందులోకే వస్తాయి. ఆసుపత్రి డాక్టరు జీతం, బడి టీచరు జీతం రావు.

రెండోది ఇంకా పెద్దది. హైదరాబాద్ సంస్థ నిధులు తీసుకుని పాలమూరు పల్లెల్లోని చిన్న సంఘాలకు పంచవచ్చని రాశాను. కుదరదు. ఆ సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, ఆ చట్టం 7వ సెక్షన్ బదిలీని ఒప్పుకోదు. ఊరి పని తెలిసినవాళ్ల చేతికే డబ్బు చేరాలంటే, రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న ఆ సంఘానికే, ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని దాని ఖాతాకు దాత నేరుగా పంపాలి. ఒప్పందం రాసుకునే ముందే ఇది తేల్చుకోండి.